ఆట ఖాతాకు కన్నం: చోరీ తీరు, కాపలా తీరు

ఆన్‌లైన్ ఆట ఖాతాలోని వస్తువులు చేతులు మారడం మొదలయ్యాకే దొంగల కన్ను వాటి మీద గట్టిగా పడింది. ఇందుకు స్టీమ్ చరిత్రే సాక్ష్యం. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో ఈ వేదికను తెరిచినప్పుడు ఖాతాలో ఉండేవి కొనుక్కున్న ఆటలు మాత్రమే. వాటిని విడదీసి అమ్ముకునే వీలు లేదు. ఖాతా కొట్టేసినవాడికి దక్కేది నాలుగు రోజులు ఆడుకునే అవకాశమే. 2011లో ఆటగాళ్లు తమ దగ్గరున్న వస్తువులను ఒకరికొకరు మార్చుకునే ట్రేడింగ్ వచ్చింది. 2013 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ ఆటలోకి స్కిన్‌లు వచ్చాయి. తుపాకులకు, కత్తులకు వేసే రంగుల ముస్తాబే స్కిన్. దానివల్ల తూటాకు బలం పెరగదు, గురి కుదరదు. అయినా అరుదైన కత్తి స్కిన్ కోసం లక్షల రూపాయలు పెట్టేవాళ్లున్నారు. నిమిషాల్లో ఖాతాలు మారే వస్తువుకు అంత ధర పలుకుతుంటే దొంగలు చేరకపోతేనే వింత.

2015 డిసెంబరు నాటికి పరిస్థితి ఎంత ముదిరిందంటే, నెలకు దాదాపు 77 వేల ఖాతాలు దొంగల పాలై ఖాళీ అవుతున్నాయని వాల్వ్ స్వయంగా ప్రకటించింది. ట్రేడింగ్ వచ్చాక ఈ బెడద ఇరవై రెట్లు పెరిగిందని కూడా ఒప్పుకుంది. బాధితులు కొత్తవాళ్లో అమాయకులో కారని, వృత్తిగా ఆడేవాళ్లూ నిత్యం ట్రేడింగ్ చేసేవాళ్లూ వాళ్లలో ఉన్నారని అదే ప్రకటన చెప్పింది. తెలివితక్కువవాళ్లే మోసపోతారనే ధీమాను చెదరగొట్టడానికి ఈ ఒక్క మాట చాలు.

తెలుగు రాష్ట్రాల్లో ఆట అంటే ఎక్కువమందికి ఫోనులో ఆడే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటివే. కౌంటర్ స్ట్రైక్‌లో లాగా స్కిన్‌ను ఊడదీసి బయట అమ్ముకునే ఏర్పాటు వీటిలో లేదు. అందుకని ఇక్కడి దొంగ మొత్తం ఖాతానే పట్టుకుపోతాడు. ఆటగాళ్లు దీన్ని ‘ఐడీ పోయింది’ అంటారు. ఆటలో చెల్లే డబ్బు లాంటి యూసీలు, డైమండ్లు కొని సంపాదించిన దుస్తులు, గన్ స్కిన్‌లు, ఏళ్ల తరబడి ఆడి ఎక్కిన ర్యాంకు అన్నీ కలిపి ఆ ఐడీకి ఒక ధర పలుకుతుంది. టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్ గుంపుల్లో ఈ అమ్మకాలు బాహాటంగానే సాగుతాయి. ఆటల సంస్థల నిబంధనలు ఖాతాల అమ్మకాన్ని ఒప్పుకోవు. కానీ బజారు ఉన్నంతకాలం సరుకు ఎక్కడినుంచో ఒకచోటినుంచి రావాలి.

సంస్థ సర్వర్ల మీదే దాడి జరిగి ఖాతాల సమాచారం బయటికి పోయిన ఘటనలు లేకపోలేదు. 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు అలాగే పోయాయి. ఆ సేవ మూడు వారాలకు పైగా మూతపడింది. అయితే రోజువారీ చోరీల్లో ఎక్కువ భాగం ఇలాంటివి కావు. వాటిలో తలుపు తీసేది ఖాతాదారే. ఎవరికి తీస్తున్నాడో తెలియకుండా తీస్తాడు, అంతే తేడా. రక్షణ ఒక మెట్టు ఎక్కిన ప్రతిసారీ దొంగ దాని పై మెట్టు మీద కాపు వేశాడు. కాబట్టి ఏ తాళం ఏ దొంగను ఆపుతుందో, ఏ దొంగను ఆపలేదో వరుసగా చూస్తేనే ఈ విషయం అర్థమవుతుంది.

ఎర

మోసం దాదాపు ఎప్పుడూ ఒక సందేశంతో మొదలవుతుంది. అది ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి వస్తే చాలామంది పట్టించుకోరు. ఆ సంగతి దొంగకూ తెలుసు. అందుకే ముందు ఒక ఖాతాను చేజిక్కించుకుని, అందులోని స్నేహితులందరికీ ఆ పేరుతోనే రాస్తాడు. పాత చాట్ అంతా పైన అలాగే ఉంటుంది. కింద కొత్త వాక్యం: మా టీమ్‌కి ఓటెయ్, టోర్నమెంట్‌లో ఒకడు తగ్గాడు వస్తావా, నీకు 50 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపాను తీసుకో. ఆటగాళ్లు కబుర్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లోనైతే దాని నైట్రో చందా ఉచితమంటాడు. లింకు నొక్కితే లాగిన్ పేజీ. అక్కడ పాస్‌వర్డ్ ఇచ్చినవాడి ఖాతా కూడా పోతుంది, దానిలోంచి మళ్లీ అతని స్నేహితులకు అదే సందేశం వెళ్తుంది. అంటువ్యాధి పాకే పద్ధతే ఇది.

ఆశ చూపి పట్టేది ఒక రకమైతే, భయపెట్టి పట్టేది ఇంకో రకం. స్టీమ్ ఆటగాళ్లలో బాగా పేరుపడ్డ మోసం ఒకటుంది. ఎవరో వచ్చి ‘పొరపాటున నీ ఖాతా మీద ఫిర్యాదు చేశాను, సారీ. నిన్ను బ్యాన్ చేసేస్తారేమో. వాల్వ్‌లో పనిచేసే ఫలానా ఆయనతో డిస్కార్డ్‌లో మాట్లాడు’ అంటాడు. ఆ ఫలానా ఆయన కూడా అదే ముఠా. ఖాతా నీదేనని రుజువు చేసుకోమంటాడు, ఈమెయిల్ మార్చమంటాడు, ఫోనుకొచ్చిన కోడ్ చెప్పమంటాడు, ఒక్కోసారి గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు పంపమంటాడు. స్టీమ్ సిబ్బంది డిస్కార్డ్‌లో గానీ స్టీమ్ చాట్‌లో గానీ ఎవరినీ ఇలా పలకరించరు. వాళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిచేది స్టీమ్ సపోర్ట్ పేజీలోనే.

మన దగ్గర ఫోను ఆటగాళ్లకు వేసే ఎర మరీ సాదాగా ఉంటుంది. ఉచిత యూసీ, ఉచిత డైమండ్లు, రిడీమ్ కోడ్. ఆట కంపెనీలు నిజంగానే అప్పుడప్పుడు రిడీమ్ కోడ్లు విడుదల చేస్తాయి కాబట్టి అబద్ధానికి కొంత నిజం ఊతంగా దొరుకుతుంది. వీడియో కింద ఉన్న లింకు నొక్కితే ఆట బొమ్మలతో అచ్చం అసలు పేజీలాగే కనిపించేది ఒకటి తెరుచుకుంటుంది. ముందు ప్లేయర్ ఐడీ అడుగుతుంది. తరవాత ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి, గూగుల్‌తో లాగిన్ అవ్వండి అంటుంది. ఇక్కడే అసలు ప్రమాదం. ఈ ఆటలకు సొంత పాస్‌వర్డ్‌తో పని తక్కువ. ఆటలోకి వెళ్లే దారి గూగుల్ ఖాతానో, ఫేస్‌బుక్ ఖాతానో, ఎక్స్ ఖాతానో అయివుంటుంది. అందువల్ల గన్ స్కిన్ కోసం ఇచ్చిన పాస్‌వర్డ్‌తో ఈమెయిల్, ఫోటోలు, దాచుకున్న పత్రాలు కూడా వెళ్లిపోవచ్చు. పిల్లలు ఆడేది అమ్మానాన్నల ఫోనులోనే అయితే ఆ గూగుల్ ఖాతా ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

దొంగ పేజీని గుర్తుపట్టడం

నకిలీ పేజీ తయారుచేయడానికి పెద్ద నైపుణ్యం అవసరం లేదు. అసలు పేజీ బొమ్మలు, అక్షరాలు, బటన్లు యథాతథంగా కాపీ చేయవచ్చు. కాపీ చేయలేనిది చిరునామా ఒక్కటే. దాన్నీ కళ్లకు దగ్గరగా కనిపించేలా మారుస్తారు. ఇంగ్లిష్ ‘ఎం’ స్థానంలో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే ఫోను తెర మీద తేడా తెలియదు. రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాలకు కవలల్లా ఉంటాయి. చిరునామాలో అసలు పేరు ముందుగా వచ్చినంత మాత్రాన అది అసలు సైటు అయిపోదు. మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి రెండు ముక్కలే సాధారణంగా సైటు యజమాని ఎవరో చెబుతాయి. వాటికి ముందు ఏ పేరైనా తగిలించుకునే స్వేచ్ఛ ఆ యజమానికి ఉంటుంది.

తాళం గుర్తు ఉంటే సైటు మంచిదే అని ఒకప్పుడు నేర్పేవారు. ఆ పాఠం ఇప్పుడు మర్చిపోవడం మేలు. తాళం గుర్తు చెప్పేది ఒక్కటే: ఫోనుకూ సైటుకూ మధ్య మాటలు మూడోవాడికి వినబడవు. సైటు దొంగదే అయితే దొంగతో రహస్యంగా మాట్లాడినట్టు. ఆ గుర్తుకు కావలసిన సర్టిఫికెట్లు ఉచితంగా దొరుకుతాయి. జనం ఈ గుర్తును అపార్థం చేసుకుంటున్నారనే 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజరు చిరునామా పట్టీలోంచి తాళం బొమ్మను తీసేసింది.

2022లో ఇంకా గడుసైన పద్ధతి బయటపడింది. ట్రేడింగ్ సైట్లు, టోర్నమెంట్ సైట్లు ‘స్టీమ్‌తో లాగిన్ అవ్వండి’ అన్నప్పుడు చిన్న కిటికీ ఒకటి తెరుచుకోవడం మామూలే. దొంగ సైటులో తెరుచుకునేది నిజమైన కిటికీ కాదు, పేజీ లోపల గీసిన బొమ్మ. ఆ బొమ్మలో చిరునామా పట్టీ కూడా ఉంటుంది, అందులో స్టీమ్ అసలు చిరునామా తప్పు లేకుండా రాసి ఉంటుంది. చదివి సరిచూసుకునే జాగ్రత్తపరుడు కూడా ఇక్కడ బోల్తా పడతాడు. ఆ ఏడాది సెప్టెంబరులో గ్రూప్ ఐబీ అనే భద్రతా సంస్థ స్టీమ్ ఆటగాళ్ల మీద ఈ ఎత్తు ఎలా నడుస్తోందో వివరంగా బయటపెట్టింది. దీన్ని కనిపెట్టే పరీక్ష మాత్రం చాలా తేలిక. కంప్యూటరులో ఆ కిటికీని మౌస్‌తో పట్టుకుని బ్రౌజరు అంచు దాటించి బయటికి లాగాలి. నిజమైనదైతే బయటికి వస్తుంది. బొమ్మ అయితే పేజీ అంచు దగ్గర ఆగిపోతుంది.

ఫోనులో ఈ పరీక్ష కుదరదు. అక్కడా ఇక్కడా పనికొచ్చే అలవాటు వేరే ఉంది. లింకు ద్వారా లాగిన్ కాకుండా, బ్రౌజరులో స్టీమ్ చిరునామా స్వయంగా టైపు చేసి ముందే లాగిన్ అయివుండాలి. ఆ తరవాత వేరే సైటు స్టీమ్ ద్వారా గుర్తింపు అడిగితే, అసలు స్టీమ్ పేజీ పేరు చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుందే తప్ప పాస్‌వర్డ్ మళ్లీ అడగదు. అడిగిందంటే అనుమానించాల్సిందే.

ఇంతకంటే నమ్మదగ్గ కాపలాదారు పాస్‌వర్డ్ మేనేజరు. అది పేజీ అందచందాలు చూడదు. పాస్‌వర్డ్ దాచుకున్నప్పటి చిరునామా, ఇప్పటి చిరునామా అక్షరం అక్షరం కలిస్తేనే ఖాళీ నింపుతుంది. ఎప్పుడూ తనంతట తాను నింపేది ఈరోజు నింపలేదంటే విసుక్కుని చేత్తో టైపు చేయడం మనిషి చేసే పని. సరిగ్గా ఆ విసుగు మీదే దొంగ బతుకుతున్నాడు.

పాస్‌వర్డ్ సంగతి

పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలనే నియమం కంటే రెండు విషయాలు ముఖ్యం: అది పొడుగ్గా ఉండాలి, మరెక్కడా వాడి ఉండకూడదు. రెండోది లేకపోతే మొదటిది దండగ. ఏదో చిన్న సైటు నుంచి పోయిన పాస్‌వర్డ్ల జాబితా తీసుకుని, అవే ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను ఆటల సైట్లలో యంత్రాలతో ప్రయత్నించడం దొంగలకు నిత్యకృత్యం. లక్ష జతల్లో వెయ్యి కుదిరినా లాభమే. 2020లో నింటెండో ఖాతాలు మొదట 1,60,000, తరవాత లెక్క తేలేసరికి 3,00,000 దాకా పరాయివాళ్ల చేతికి వెళ్లాయి. ఆ లాగిన్ వివరాలు తమ సర్వర్ల నుంచి పోలేదని, బయట మరెక్కడో దొంగల చేతికి చిక్కాయని ఆ సంస్థ చెప్పింది.

ఒక పాస్‌వర్డ్ ఇప్పటికే బజారున పడిందో లేదో చూసుకునే సాధనం ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సేవ అది. పాస్‌వర్డ్‌ను వాళ్లకే చెప్పి తెలుసుకోవడమేమిటన్న సందేహం సహజం. దానికి వాళ్లు వాడే ఉపాయం ముచ్చటైనది. పాస్‌వర్డ్‌ను మన కంప్యూటరే ఒక గణిత ప్రక్రియతో 40 అక్షరాల ముద్రగా మారుస్తుంది. ఆ ముద్రలోంచి మొదటి 5 అక్షరాలు మాత్రమే బయటికి వెళ్తాయి. ఆ ఐదుతో మొదలయ్యే ముద్రలన్నీ పెద్ద సంఖ్యలో తిరిగి వస్తాయి. వాటిలో మనది ఉందో లేదో మన కంప్యూటరే పోల్చుకుంటుంది. అడిగినవాడి పాస్‌వర్డ్ ఏమిటో సేవ నడిపేవాళ్లకు తెలియదు.

కోడ్: బలం, బలహీనత

పాస్‌వర్డ్ ఒక్కటే చాలదని ఆటల సంస్థలు బ్యాంకుల కంటే ఎంతో ఆలస్యంగా ఏమీ గ్రహించలేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ నడిపే బ్లిజర్డ్ 2008లోనే తాళం చెవుల గుత్తికి తగిలించుకునే చిన్న కోడ్ యంత్రాన్ని అమ్మింది. దాన్ని వాడేవాళ్లకు ఆటలో రెండు తలల కుక్కపిల్లను బహుమతిగా ఇచ్చింది. ఫోర్ట్‌నైట్ నడిపే ఎపిక్ గేమ్స్ 2018లో రెండో అంచె రక్షణ పెట్టుకున్నవాళ్లకు ఒక కొత్త డ్యాన్స్ కానుక చేసింది. భద్రత గురించి ఎన్ని హెచ్చరికలు చేసినా కదలని జనాన్ని ఒక డ్యాన్స్ కదిలించడంలో వింతేమీ లేదు. స్టీమ్ పెట్టిన ఇలాంటి రక్షణ స్టీమ్ గార్డ్ 2011లో ఈమెయిల్ కోడ్‌తో మొదలైంది. దాని మీద నమ్మకం చూపడానికి వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ తన సొంత ఖాతా పాస్‌వర్డ్‌ను సభలో బహిరంగంగా చెప్పేశాడు. 2015లో ఫోను యాప్‌లో కోడ్ వచ్చే ఏర్పాటు తోడైంది.

యాప్‌లో కోడ్ ఎలా పుడుతుందో చూస్తే దాని బలం ఎక్కడుందో తెలుస్తుంది. యాప్‌ను ఖాతాకు జతచేసే రోజున సర్వరు, ఫోను ఒక పొడవాటి రహస్య సంఖ్యను పంచుకుంటాయి. ఆ తరవాత ఇద్దరూ విడివిడిగా ఒకే లెక్క చేస్తారు. ఇప్పటి సమయాన్ని 30 సెకన్ల ముక్కలుగా లెక్కించి, ఆ సంఖ్యను రహస్యంతో కలిపి ఒక గణిత ప్రక్రియలో వేస్తారు. వచ్చిన దానిలోంచి కొంత తీసి ఆరంకెల కోడ్‌గా చూపిస్తారు. స్టీమ్ అయితే ఐదు అక్షరాలు, అంకెల కలగలుపుగా చూపిస్తుంది. కోడ్ ఎక్కడినుంచీ రానక్కర్లేదు. ఫోనులో సిగ్నల్ లేకపోయినా పుడుతుంది. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ అలా కాదు. అది సిమ్‌ను నమ్ముకుని వస్తుంది. డూప్లికేట్ సిమ్ సంపాదించినవాడికి అది కూడా చేరుతుంది.

ఓటీపీ అయినా సరే ఏమీ లేనిదానికంటే ఎన్నో రెట్లు మేలు. గూగుల్ 2019లో న్యూయార్క్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి లెక్క తీసింది. ఎస్సెమ్మెస్ కోడ్ యంత్రాలతో చేసే దాడులన్నిటినీ ఆపింది. గుంపుగా వేసే వలల్లో 96 శాతాన్ని, ఒకే మనిషిని గురిపెట్టి చేసే దాడుల్లో 76 శాతాన్ని ఆపింది. విడిగా కొనుక్కునే భద్రతా కీ పరికరం మూడింటినీ పూర్తిగా ఆపింది.

ఆ 76కూ 100కూ మధ్య ఉన్న తేడాలోనే దొంగ దూరాడు. యాప్ కోడ్ 30 సెకన్లే బతుకుతుంది కదా అంటే, 30 సెకన్లు దొంగకు చాలు. నకిలీ పేజీలో టైపు చేసిన పాస్‌వర్డ్‌ను, కోడ్‌ను అతని యంత్రం అదే క్షణంలో అసలు సైటులో టైపు చేస్తుంది. ఇది కొత్త విద్య కూడా కాదు. 2010లోనే వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ల కంప్యూటర్లలోకి చొరబడ్డ ఒక మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఇలాగే కోడ్‌ను దారిలోనే లాక్కుంది. క్యూఆర్ కోడ్‌తో లాగిన్ వచ్చాక పాస్‌వర్డ్ అడగాల్సిన పని కూడా తప్పింది. దొంగ తన కంప్యూటరులో అసలు స్టీమ్ నుంచి వచ్చిన క్యూఆర్‌ను తీసుకుని తన నకిలీ పేజీలో అతికిస్తాడు. ఆటగాడు ఫోనుతో స్కాన్ చేసి ‘సరే’ అంటాడు. లాగిన్ అయ్యేది మాత్రం దొంగ కంప్యూటరు. ‘సరే’ నొక్కే ముందు ఫోను తెర మీద ఏ ఊరు, ఏ పరికరం అని కనబడే రెండు వరుసలు చదవడమే అక్కడ మిగిలిన రక్షణ.

పాస్‌కీ ఈ చిక్కును మూలం నుంచి తప్పిస్తుంది. ఇందులో ఫోను ఒక జత సంఖ్యలు పుట్టిస్తుంది. ఒకటి సైటుకు ఇస్తుంది, రెండోది తనలోనే దాచుకుంటుంది. లాగిన్ సమయంలో సైటు ఒక కొత్త ప్రశ్న పంపితే ఫోను దాచుకున్న సంఖ్యతో దానికి సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకంలో సైటు చిరునామా కూడా కలిసి ఉంటుంది. నకిలీ పేజీలో చేసిన సంతకం అసలు సైటులో చెల్లదు. మనిషి మోసపోయినా యంత్రం మోసపోదన్నమాట. ప్లేస్టేషన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి, ఎక్స్‌బాక్స్‌కు ఆధారమైన మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత ఖాతాల్లో 2024 మే నుంచి పాస్‌కీ ఉంది. గూగుల్ ఖాతాకూ ఉంది. ఆ ఖాతాతో ఫోను ఆటలు ఆడేవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఇదే.

తలుపు దాటాక దొరికే టోకెను

పాస్‌వర్డ్, కోడ్ రెండూ ఇచ్చాక సైటు ప్రతి పేజీకీ మళ్లీ మళ్లీ అవే అడగదు. బ్రౌజరుకు కుకీ అనే పొడవాటి అక్షరాల వరుస ఇస్తుంది. ఇది గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిది. టోకెను ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే, మొహం ఎవరూ చూడరు. దొంగ ఈ కుకీని కాపీ చేసుకోగలిగితే పాస్‌వర్డ్‌తో, కోడ్‌తో, పాస్‌కీతో దేనితోనూ పని లేకుండా లోపలికి వస్తాడు. పిల్లలు ఎక్కువగా ఆడే రోబ్లాక్స్‌లో ఈ బెడద ఎంతగా ఉందంటే, ఆ కుకీ మొదట్లోనే ‘హెచ్చరిక, దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు’ అని ఇంగ్లిష్‌లో రాసిపెట్టారు. అయినా ‘ఈ కోడ్‌ను బ్రౌజరులో అతికించు, ఉచిత రోబక్స్ వస్తాయి’ అంటే, ఆ ఆట డబ్బు కోసం అతికించే పిల్లలున్నారు.

పెద్దవాళ్ల దగ్గర కుకీ కొట్టేసేది ఎక్కువగా మాల్‌వేర్. రెడ్‌లైన్, లమ్మా అనే పేర్లు ఇందులో ప్రసిద్ధం. ఆటలో మోసం చేయడానికి పనికొచ్చే చీట్ ప్రోగ్రాము, డబ్బు కట్టక్కర్లేని క్రాక్ కాపీ, ‘నేను తయారుచేసిన గేమ్, ఒకసారి ఆడి చెప్పవా’ అని స్నేహితుడి పేరుతో వచ్చే ఫైలు వీటి వాహనాలు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని వీడియోలోనే చెబుతారు. చీట్ ప్రోగ్రాములకు యాంటీవైరస్ అడ్డుపడటం మామూలే కాబట్టి ఆ మాటను ఎవరూ శంకించరు. మాల్‌వేర్ ఒక్క నిమిషం నడిస్తే చాలు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డ్లు, కుకీలు, క్రిప్టో వాలెట్లు మూటగట్టి పంపించేస్తుంది. 2025లో మైక్రోసాఫ్ట్ కోర్టు ఉత్తర్వుతో లమ్మా వాడే సైట్లను మూయించినప్పుడు, అంతకుముందు రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లు దాని బారిన పడ్డట్టు తేలింది. రెడ్‌లైన్ మీద 2024 అక్టోబరులో పలు దేశాల పోలీసులు కలిసి దాడి చేశారు.

అధికారిక దుకాణంలో దొరికిందన్నా పూర్తి హామీ లేదు. 2025 ఫిబ్రవరిలో స్టీమ్‌లోనే పైరేట్‌ఫై అనే ఉచిత ఆట మాల్‌వేర్ మోసుకొచ్చింది. వాల్వ్ దాన్ని తీసేసి, ఆడినవాళ్లను విండోస్ మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడం గురించి ఆలోచించమంది.

స్టీమ్‌లో ఇంకో టోకెను ఉంది, ఏపీఐ కీ. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం పెట్టిన సదుపాయం ఇది. ఒక్కసారి ఖాతాలోకి వచ్చిన దొంగ ఏమీ ముట్టుకోకుండా ఈ కీ ఒకటి పుట్టించుకుని వెళ్లిపోతాడు. కొన్ని వారాల తరవాత ఆటగాడు ఒక ఖరీదైన స్కిన్‌ను స్నేహితుడికో, అమ్మకపు సైటుకో పంపబోతాడు. కీ ద్వారా కనిపెట్టుకుని ఉన్న దొంగ ప్రోగ్రాము ఆ ట్రేడ్‌ను రద్దు చేస్తుంది. అవతలివాడి పేరు, బొమ్మ పెట్టుకున్న మరో ఖాతా నుంచి సరిగ్గా అలాంటిదే ఇంకో ట్రేడ్ పంపిస్తుంది. ఫోనులో నిర్ధారించమని వస్తుంది, ఆటగాడు నిర్ధారిస్తాడు. రెండో అంచె రక్షణ పక్కాగా పనిచేసింది, వస్తువు మాత్రం దొంగకు వెళ్లింది. ఇన్ని ఎత్తుల్లోనూ ఇదే అన్నిటికంటే తెలివైనది. స్టీమ్ ఏపీఐ కీ పేజీ తెరిచి, తాము అడగని కీ ఏదైనా ఉంటే రద్దు చేయాలి. నిర్ధారించే ముందు అవతలి ఖాతా ఏ సంవత్సరంలో మొదలైందో, దాని లెవెల్ ఎంతో చూడాలి. పేరు, బొమ్మ నకలు చేయవచ్చు గానీ ఖాతా వయసును చేయలేరు.

వాల్వ్ దీనికి కాలాన్ని ఆయుధంగా వాడింది. యాప్ రక్షణ లేని ఖాతా నుంచి వెళ్లే వస్తువులను కొన్ని రోజులు నిలిపి ఉంచడం 2015లో మొదలైంది. 2025 జులైలో కౌంటర్ స్ట్రైక్ 2 వస్తువుల ట్రేడ్‌ను 7 రోజుల్లోపు వెనక్కి తిప్పే ఏర్పాటు వచ్చింది. ఒకప్పుడు పోయిన వస్తువులకు నకళ్లు పుట్టించి ఇచ్చేవారు. కానీ నకలు పుట్టిన ప్రతిసారీ అరుదైన వస్తువు కాస్త తక్కువ అరుదవుతుంది, అసలుది కొనుక్కున్నవాడు నష్టపోతాడు. అందుకని ఆ పద్ధతి మానేశారు.

పోయాక

ఖాతా పోయిందని తెలిసిన మొదటి గంటలో చేసే పనుల క్రమం ముఖ్యం. మాల్‌వేర్ అనుమానం ఉన్న కంప్యూటరులో కూర్చుని పాస్‌వర్డ్ మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకు చేరుతుంది. వేరే ఫోనో, కంప్యూటరో తీసుకోవాలి. ముందు ఈమెయిల్ ఖాతాను కాపాడుకోవాలి, ఎందుకంటే మిగతా అన్ని తాళాలూ దానితోనే తెరుచుకుంటాయి. ఆ తరవాత ఆట ఖాతా పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయాలి. పాత కుకీలు చెల్లకుండా పోయేది ఈ పనితోనే. ఏపీఐ కీ, కొత్తగా చేర్చిన ఫోను నంబరు, ఈమెయిల్‌లో దొంగ పెట్టిన ఫార్వర్డింగ్ ఏమైనా ఉన్నాయేమో చూడాలి. ఆటకు కార్డో, యూపీఐనో జోడించి ఉంటే తీసేయాలి. స్నేహితులకు వేరే దారిలో కబురు చేయాలి. లేదంటే తరవాత పోయేవి వాళ్ల ఖాతాలే.

పాస్‌వర్డ్, ఈమెయిల్ రెండూ మారిపోయి ఉంటే మిగిలేది సంస్థ సపోర్ట్. అక్కడ ఖాతా తనదేనని చూపించాలంటే పాత రశీదులు కావాలి: మొదటి కొనుగోలు బిల్లు, ఆట డబ్బాతో వచ్చిన కీ, డబ్బు కట్టిన కార్డు వివరాలు, ఖాతా తెరిచిన ఈమెయిల్. ఇవన్నీ ఒకచోట దాచుకున్నవాడికి పని తొందరగా అవుతుంది. ఇదే కారణం వల్ల బజారులో కొన్న ఐడీ కొన్నవాడికి ఎప్పటికీ నికరంగా సొంతం కాదు. అమ్మినవాడి దగ్గర మొదటి రశీదు ఉంది. అతను ఏ రోజైనా సపోర్ట్‌కు రాసి వెనక్కి తీసుకోవచ్చు.

డబ్బు పోయినా, గుర్తింపు దుర్వినియోగం జరిగినా భారతదేశంలో 1930 నంబరుకు ఫోను చేయవచ్చు, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. డబ్బు బ్యాంకులు దాటిపోకముందే చేస్తేనే దాన్ని ఆపే అవకాశం ఎక్కువ. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షను కిందికి, కంప్యూటరు ద్వారా వేరొకరిగా నటించి మోసగించడం 66డి కిందికి వస్తాయి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

ఖాతా పోయిందని ఎక్కడైనా మొరపెట్టుకున్న వెంటనే ‘నేను తిరిగి తెప్పిస్తాను, కాస్త ఫీజు పంపండి’ అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. వీళ్లను నమ్మితే రెండోసారి మునగడమే. పోయిన ఖాతాను తిరిగి ఇవ్వగలిగింది ఆ ఆటను నడిపే సంస్థ ఒక్కటే. ఫిర్యాదు వినడానికి ఆ సంస్థ సపోర్ట్ డబ్బు అడగదు, పాస్‌వర్డూ అడగదు.